ఒత్తు లేని అక్క

మా అక్క సుభాషిణికి ఎవరు తప్పు మాట్లాడినా దిద్దకపోతే అన్నం సహించదు. కూరగాయల బండి మీద సుద్దముక్కతో "వంకయలు" అని రాసి ఉంటే, ముందు దీర్ఘం పెట్టించి ఆ తరవాత బేరం మొదలుపెట్టే రకం. భీమిలి దగ్గర ఒక సర్కారు బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అక్షరాలు నేర్పి నేర్పి, లోకం మొత్తాన్నీ రెండో తరగతిలో కూర్చోబెట్టేసింది. అలాంటి మనిషి తలకు టోపీ తగిలించి, చెవుల్లో మాటలు వినిపించి, నోరు మెదపకుండా ఉండమంటే ఉంటుందా?

"వత్తులు," అన్నారు డాక్టర్ విరూపాక్షం గారు మైకులో.

"ఒత్తులు అనండి డాక్టరు గారూ," అంది అక్క వెంటనే. "మా ఇళ్ళల్లో ఒత్తులే అంటాం. వత్తులంటే నాకు పుస్తకం చదువుతున్నట్టు ఉంటాది గానీ దీపం కనబడదు."

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వి, బుద్ధిమంతుడిలా "ఒత్తులు" అన్నారు. నా ముందున్న తెర మీద, అక్క మెదడు బొమ్మలో పసుపు చుక్కలు గుప్పుమన్నాయి. మామూలుగా ఒక మాటకు ఒకచోటే చుక్కలు వెలుగుతాయి. అక్కకు రెండు చోట్ల వెలిగాయి. "ఎంత గట్టి జ్ఞాపకమో చూశావా పద్మా!" అని డాక్టరు గారు సంబరపడ్డారు. ఆయనతో పాటు నేనూ సంబరపడ్డాను.

మా ప్రయోగశాల విశాఖపట్నంలో, సముద్రం కనబడే ఒక గుట్ట మీద ఉంది. రోజూ వాడే వస్తువుల్ని మొట్టమొదట మనుషులు ఎలా కనిపెట్టారో తేల్చడం మా పని. తవ్వకాల్లో సూది దొరుకుతుంది, దువ్వెన దొరుకుతుంది, కుండపెంకు దొరుకుతుంది. కొవ్వొత్తి దొరకడం కష్టం. కాలిపోవడమే దాని పని కాబట్టి సాక్ష్యాన్ని అదే తినేస్తుంది. ఈజిప్టువాళ్ళు రెల్లుకాడల్ని కొవ్వులో నానబెట్టి వెలిగించారనీ, రోమన్లు ఒత్తిని కరిగిన కొవ్వులో మళ్ళీ మళ్ళీ ముంచి లావు చేశారనీ పుస్తకాల్లో ఉంది. కానీ మొదటిసారి ఆ పని చేసిన మనిషి ఏమనుకుని చేశాడు, అసలు వెలుగు కోసమే చేశాడా, అన్నది ఏ మట్టిలోనూ మిగలదు.

అందుకని డాక్టరు గారు ఒక యంత్రం తయారుచేశారు. మేం దాన్ని మరుపు టోపీ అంటాం. ఒక మాట వినిపించి, మెదడులో ఎక్కడ చుక్కలు వెలుగుతాయో చూసి, ఆ చోటును కొన్నాళ్ళు నిద్రపుచ్చుతుంది. ఆ మనిషికి మిగతావన్నీ గుర్తుంటాయి. ఆ ఒక్క వస్తువు మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూసినట్టుండదు. అప్పుడు ముడిసరుకు ముందు పెట్టి, ఏం చేస్తాడో చూస్తాం. పని అయ్యాక అదే మాటను తిరగేసి వినిపిస్తే మరుపు విడిపోతుంది. దువ్వెన మరిచిన బస్సు కండక్టరు చేపముల్లుతో తల దువ్వుకున్నాడు. సబ్బు మరిచిన ఒక పెద్దావిడ, మాంసం గిన్నె తోముతూ తోముతూ బూడిదా కొవ్వూ కలిపి నురుగు తెప్పించింది. ఇద్దరూ మర్నాడే మామూలు మనుషులై ఇళ్ళకు పోయారు.

ఇవన్నీ ఇంట్లో కబుర్లుగా చెబుతుంటే అక్క తనంతట తానే వస్తానంది. "ఒకటో తరగతి పిల్లలకి ప్రతీదీ కొత్తే కదే. తెలియకపోవడం ఎలా ఉంటాదో నాకు గుర్తే లేదు. ఓసారి చూడాలి," అంది. వేసవి సెలవులు కూడా కలిసొచ్చాయి. బావ కూర్మారావు మాత్రం, "తలకాయతో ఆటలేటే?" అని గొణిగాడు. ఆయన రేవులో క్రేను నడుపుతాడు. రోజంతా యంత్రం మీదే కూర్చుంటాడు కాబట్టి యంత్రమంటే ఆయనకు నమ్మకం తక్కువ.

అక్క కోసం ఒక మట్టిగోడల గది కట్టించాం. కిటికీ లేదు, బల్బు లేదు. మధ్యలో నిప్పుల కుంపటి. పక్కన మేకకొవ్వు, తేనెతుట్టె మైనం, పత్తి, నూలుదారం, రెల్లు, పాతగుడ్డలు. దూరంగా ఉన్న గోడ మీద ఒక బొమ్మ గీసి ఉంది. కుంపటిని కదపకుండా అక్కడికి వెలుగు తీసుకెళ్ళి, ఆ బొమ్మ ఏమిటో చూసి చెప్పాలి. అంతే పని. మేం గోడలో బిగించిన అద్దం వెనక నుంచి చూస్తాం. గోడలు మందం, లోపలి మాటలు మాకు వినబడవు.

మొదట అక్క పెంకుముక్కలో నిప్పు పట్టుకెళ్ళింది. దాని ఎరుపు దాని చుట్టూ తప్ప ఎక్కడా పడలేదు. రెల్లుకాడ అంటించుకుని పరుగెత్తింది. సగం దూరంలో ఆరిపోయింది. కొవ్వు ముద్ద తీసి ఏకంగా నిప్పుల్లో వేసింది. మంట ఎగిరి మొహం మీదికొచ్చింది. నేను లేచి తలుపు దగ్గరకు ఉరికాను. డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. కనుబొమ్మలు తడుముకుని అక్క అద్దం వైపు చూసి ఏదో తిట్టింది. మేం టీ తాగుతున్నామని కనిపెట్టి ఉంటుంది.

ఆ కొవ్వు అంటిన చేతుల్ని చిరాగ్గా ఒక గుడ్డకు తుడుచుకుంది. గుడ్డను విసిరికొట్టింది. అది కుంపటి అంచు మీద పడి, ఒక కొస నిప్పుకు తగిలింది. అక్క దాని వంక చూడనైనా లేదు, దారపుండ విప్పుతోంది. కాసేపటికి చూస్తే ఆ కొస ఇంకా కాలుతూనే ఉంది. చిన్న పసుపు మంట, ఎగరకుండా, ఆరకుండా, అలా నిలబడి ఉంది. గుడ్డ తరగడం లేదు. అక్క దారపుండ కింద పెట్టేసింది. ఇంకో గుడ్డ తీసి, కొవ్వు పూయకుండా అంటించింది. భగ్గుమని క్షణంలో బూడిదైంది. కొవ్వు తుడిచి అంటించింది. నిలబడింది. నా పక్కన డాక్టరు గారు అద్దానికి ముక్కు ఆనించేశారు.

తరవాత అంతా ఒక వరసలో జరిగిపోయింది. గుడ్డను గట్టిగా మెలిపెట్టింది. కొవ్వు కారి వేళ్ళు కాలితే, మైనాన్ని అరచేతుల్లో మెత్తబరిచి దాని చుట్టూ పొదిగి, అప్పడాల కర్రలా గుండ్రంగా దొర్లించింది. కొస వెలిగించింది. దాన్ని నిలువుగా పట్టుకుని, రెండో చేతిని గాలికి అడ్డుపెట్టి, అడుగులో అడుగేస్తూ గోడ దాకా నడిచింది. బొమ్మ చూసింది. వెనక్కి తిరిగినప్పుడు అక్క మొహం చూశాను. నాకు తెలిసిన అక్క కాదు. ఎవరో చిన్నపిల్ల. వెలుగు కోసం చేసిన ప్రయత్నాలన్నీ పోయి, చేతులు తుడుచుకున్న గుడ్డ పనికొచ్చింది. మొట్టమొదటి కొవ్వొత్తి బహుశా ఒక జిడ్డుగుడ్డ అయి ఉండాలని ఆ సాయంత్రం డాక్టరు గారు ఢిల్లీకి ఫోన్లు చేసి చెప్పారు.

కానీ దానికి ముందు తలుపు తెరిచినప్పుడు జరిగింది చెప్పాలి. అక్క బయటకు వస్తూనే, "పదా! పదా!" అని అరిచింది.

"ఎక్కడికే? ఇంటికి వెళ్ళిపోదామా?" అన్నాను.

"ఎకడికేటి? నినే పిలుసునా! చూసావా, నడిచి వెళి చూసొచాను. పడవ! గోడ మీద పడవ ఉంది!"

ఆయాసం వల్ల మాట ముద్దగా వస్తోందనుకున్నాం. టోపీ పెట్టి, "ఒత్తులు" అన్న మాట తిరగేసి వినిపించాం. పసుపు చుక్కలు కొంచెం కదిలి ఆగిపోయాయి. డాక్టరు గారు కొవ్వొత్తి చూపించి, "ఇది ఇంతకుముందు ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు. "ఎలా చూసాను? ఇపుడే కదా నేను చేసాను," అంది అక్క గర్వంగా. నిద్రపోయి లేస్తే సర్దుకుంటుందన్నారాయన. అలాగే అనుకుంటూ ఇంటికి తీసుకెళ్ళాను.

"అనం పెటాను, రండి," అంది అక్క ఆ రాత్రి.

బావ పీట మీద కూర్చుంటూ, "ఏటే ఆ మాటలు, పళ్ళూడిన ముసిల్దానిలాగ?" అని నవ్వాడు.

"ఏ మాటలు? నేను మామూలుగానే మాటాడుతునాను."

బావ నా వంక చూశాడు. ఆటపట్టిస్తోందేమో అన్నట్టు చూశాడు. నాకు నవ్వు రాలేదు. మర్నాడు పొద్దున్న అక్క పేపరు తీసి, మొదటి పేజీ మీదే ఆగిపోయింది. పేజీ తిప్పలేదు. నేను ఒక కాగితం మీద "గుడి" అనీ, దాని కింద "గుడ్డి" అనీ రాసి చూపించాను.

"ఒకే మాట రెండు సారు ఎందుకు రాసావు?" అంది. తరవాత వేలు పెట్టి, "ఇకడ కింద ఏదో గీత పడింది. కలం జారిందా?" అంది.

నోటితో చెప్పి చూశాను. గుడి, గుడ్డి. గడి, గడ్డి. చెలి, చెల్లి. అన్నీ ఒక్కలాగే వినబడుతున్నాయంది. దగ్గర కూర్చోబెట్టుకుని, తను పిల్లలకు నేర్పినట్టే, డ కింద డ పెట్టి, నాలుకను ఒక్క క్షణం ఆపి వదలాలని చూపించాను. శ్రద్ధగా విన్నది, తల ఊపింది. మరుక్షణం ఏమీ లేదు. జల్లెడలో నీళ్ళు పోసినట్టే ఉంది. ఇంక బావ ఊరుకోలేదు.

"బంగారంలాంటి మనిషిని తీసికెళ్ళి ఏటి చేసి పంపించావే నువ్వు?" అని వీధి వినబడేట్టు అరిచాడు. "ఏటీ అవ్వదన్నావు కదే! నీ నోటితో నువ్వే అన్నావు!"

అన్నాను. అందరికీ చెప్పే మాటే మా అక్కకూ చెప్పాను. అక్కే కలగజేసుకుని, "దాని మీద అరవకండి, పాపం," అంది. ఆ మాట నిండుగానే పలికింది.

రోజులు గడిచాయి గానీ సర్దుకోలేదు. డాక్టరు గారు ఫోనులో "చూద్దాం, చూద్దాం" అంటూనే ఉన్నారు. ఈలోగా బడి తెరిచారు. వెళ్ళొద్దన్నా అక్క వినలేదు. భయమేసి నేనూ వెనకే వెళ్ళి వరండాలో కూర్చున్నాను.

అక్క రెండో తరగతి పిల్లల ముందు నిలబడి, బోర్డు మీద గుండ్రంగా, అందంగా రాసింది. అమ. అక. అవ. పిల్లలు తలలు వంచి పలకల మీద దింపుకోవడం మొదలుపెట్టారు. రెండో వరసలో ఒక పిల్ల మాత్రం రాయకుండా లేచి నిలబడింది.

"టీచరు గారూ, ఒత్తు మర్చిపోయారండి."

"ఒతు అంటే ఏంటి?" అంది అక్క.

పిల్లలు గొల్లున నవ్వారు. టీచరు గారు సరదాకి అంటున్నారనుకున్నారు. అక్క నవ్వకపోయేసరికి ఒక్కొక్కరే ఆపేశారు. నిలబడిన పిల్ల నవ్వలేదు. కూర్చోనూ లేదు. మిగిలినవాళ్ళు బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు పలకల నిండా రాసుకున్నారు. అమ, అమ, అమ.

హెడ్మాస్టరు గారు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమని మర్యాదగానే చెప్పారు. ఆటోలో అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "పదా, నేనేం తపు చేసాను? పిలలు ఎందుకు నవారు?" అని అడిగింది. నేను బయటకు చూస్తూ ఏడ్చాను. ఆటో అతను అద్దంలోంచి చూస్తున్నాడని తెలిసినా ఆపుకోలేకపోయాను. అక్కను ఇంట్లో దింపి, అదే ఆటోలో గుట్ట మీదికి వెళ్ళాను.

డాక్టరు గారి ముందు, అక్కకు మొదట టోపీ పెట్టిననాటి రికార్డు మళ్ళీ వేయించాను. అక్క గొంతు, ఆయన గొంతు, అందరి నవ్వు, తెర మీద రెండు పసుపు గుంపులు.

"ఒకటి దీపం ఒత్తులు సార్. రెండోది అక్షరాల కింద పెట్టే ఒత్తులు."

"అవి సంయుక్తాక్షరాలు కదా?" అన్నారాయన తెల్లబోయి. ఆయన చదువంతా బెంగుళూరులో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు తరవాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు.

"మీ పుస్తకంలో. మా అక్క బడిలో ఒత్తులు. ఇంట్లో పత్తితో చేసేవీ ఒత్తులే. మీరు వత్తులు అని ఉంటే ఒక్కటే పోయేది. తను దిద్దింది, మనం వినేశాం."

"కానీ మాటకీ రాతకీ ఏం సంబంధం? చదువు రానివాళ్ళు కూడా అమ్మ అనే అంటారు కదా?"

"చదువు రానివాళ్ళకు మాట చెవిలో ఉంటుంది. మా అక్కకు ప్రతి మాటా బోర్డు మీద కనబడుతుంది సార్. రాస్తే గానీ వినబడదు తనకి."

ఆయన రికార్డును వెనక్కి తిప్పి మళ్ళీ విన్నారు. మంచివాడే. కానీ ఆయనకు ఇప్పుడు ఢిల్లీ నుంచి పొగడ్తలు వస్తున్నాయి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మెల్లగా చెప్పుకొచ్చారు. మిగతావాళ్ళకు ఒకే చోటు నిద్రపోయింది, ఒకే చోటు మేలుకుంది. అక్కకు రెండు చోట్లు ఒకే మాటతో కట్టుబడిపోయాయి. ఒకవైపున తను కొత్త ఒత్తిని కనిపెట్టేసింది. అది తలుపుకు అడ్డంగా కూర్చుంది. అందుకే తిరగేసి వినిపించిన మాట సగంలో ఆగిపోతోంది. అక్షరాలు తిరిగి రావాలంటే ఆ కొత్త ఒత్తిని పూర్తిగా మూసేయాలి. తాత్కాలికంగా కాదు, శాశ్వతంగా.

"అంటే?"

"దీపం, కొవ్వొత్తి, ఒత్తి ఉన్నది ఏదైనా సరే, ఆమెకు చూసినంతసేపే. చూపు తిప్పితే పోతుంది. మళ్ళీ చూస్తే మళ్ళీ కొత్త."

"వద్దనుకుంటే? మళ్ళీ నేర్చుకోలేదా అక్షరాలు? ఒత్తిని నేర్చుకుంది కదా."

"నేర్చుకోలేదు, కనిపెట్టింది. నువ్వు చెప్పిందల్లా ఆ మూసిన చోటుకే పోయి పడుతుంది. తనంతట తాను చేసింది వేరే దారిన వచ్చింది. ఒత్తిని ఒక గదిలో ఒంటరిగా కూర్చుని కనిపెట్టవచ్చు పద్మా. మాటను ఒక్కరే ఎలా కనిపెడతారు? అవతల ఇంకొకరు ఉండాలి కదా." ఆగి, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ అన్నారు. "ఒక్కటి ఆలోచించు. కొవ్వొత్తిని మొదటిసారి కనిపెట్టడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు ఆమె ఒక్కతే. దాన్ని మనం మన చేతులతో తీసేయాలా?"

నాకు ఒళ్ళు మండింది. "తన మాట పోయింది సార్ ఇక్కడ," అన్నాను. ఆయన తల వంచుకున్నారు. ఏదైనా త్వరగా తేల్చుకోమన్నారు. రోజులు పోయేకొద్దీ ఆ చోటు గట్టిపడుతుంది, తరవాత రెండు దారులూ మూసుకుపోతాయి.

ఇంటికొచ్చేసరికి అక్క వంటింటి గట్టు మీద కొవ్వొత్తులు ఆరబెడుతోంది. ఈ మధ్య అదే పని. లావువి, సన్నవి, వంకరవి, దారంతో చేసినవి, పత్తితో చేసినవి. దేనికది వెలిగించి, ఎంతసేపు నిలబడుతుందో చూసి మురిసిపోతుంది. బావ ఒక మూల కూర్చుని చూస్తున్నాడు. ఇద్దరికీ కలిపి చెప్పాను. ఎంత మెల్లగా చెప్పాలో అంత మెల్లగా చెప్పాను.

అక్క విని, గట్టు మీది కొవ్వొత్తి ఒకటి చేతిలోకి తీసుకుంది. నాకు అప్పుడు అర్థమైంది, అడిగింది ఎంత దారుణమైన ప్రశ్నో. ఒకవైపు తను చేత్తో చేసి, కంటితో చూస్తున్నది. రెండోవైపు అసలు ఉందని కూడా తనకు తెలియనిది. అది ఇచ్చి ఇది తీసుకో అంటే ఎవరైనా ఎలా ఒప్పుకుంటారు? ఒప్పుకోదేమోనని భయం వేసింది. ఒప్పుకుంటుందేమోనని కూడా భయం వేసింది.

"ఆ పిల నవలేదు," అంది చివరికి.

"ఏ పిల్ల?"

"లేచి నిలబడింది చూడు, ఆ పిల. దానికి అక్షరాలు... అకరాలు దిదించింది నేనే." మాట మధ్యలో తడబడింది. ఒక్క క్షణం క్షకారం పలికి, మళ్ళీ జారిపోయింది. అక్కకు తెలియనైనా తెలియలేదు. "అది తపు చెపదు. ఏదో లేదని అంటోందంటే, ఏదో లేదనమాటే. మిగతా పిలలు నేను రాసింది రాసినటు దింపేసుకునారు. నాకు అదే భయం పదా. నేను రాసిందలా రాసుకుంటారు వాళు."

బావ లేచి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు. అరిచే మనిషి ఆ రోజు అరవలేదు. "దీపం నేను పెట్టుకుంటాన్లే," అన్నాడు. "నువ్వు దండం పెట్టుకుందువు గాని."

ఆ సాయంత్రం అక్క తన కొవ్వొత్తుల్లో అన్నిటికన్నా వంకరదాన్ని ఏరి వెలిగించింది. అదే తనకు ఇష్టమంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పింది. ముందు కొవ్వు మీద ఎంత కోపం వచ్చిందో, గుడ్డ ఆరిపోకుండా నిలబడినప్పుడు ఒళ్ళు ఎలా జల్లుమందో, గోడ దాకా నడుస్తుంటే ఎవరో వేలు పట్టుకుని నడిపిస్తున్నట్టు ఎలా అనిపించిందో చెప్పింది. నేను రాసుకోబోతే, "రాసుకోకు. విను," అంది. విన్నాను. కొవ్వొత్తి అయిపోయేదాకా ఇద్దరం కదల్లేదు.

టోపీ పెట్టే రోజు బావ సెలవు పెట్టి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరు గారు పద్ధతి ప్రకారం, "మీ ఇష్టంతోనే చేస్తున్నాం కదా?" అని అడిగారు. "సరే," అంది అక్క. ఆ మాటకు ఒత్తు అక్కర్లేదు. నేను తెర ముందు కూర్చున్నాను. ఒకవైపు పసుపు చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చివరి చుక్క చాలాసేపు ఆరలేదు. అది అలా మినుకుమంటుంటే ఆపేయమని అరవాలనిపించింది. అరవలేదు. ఆరిపోయింది. రెండోవైపు చాలాసేపు చీకటిగానే ఉంది. రెండూ పోయాయనుకున్నాను. ఎవరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అప్పుడు ఒక చుక్క వెలిగింది. దాని పక్కన ఇంకొకటి.

అక్క కళ్ళు తెరిచింది. నన్ను చూడలేదు, బావను చూడలేదు. ఎదురుగా తలుపు మీద మా బోర్డు ఉంది, దాన్ని చూసింది. కళ్ళు చిట్లించింది.

"ప్రవేశం నిషేదం ఏటి డాక్టరు గారూ?" అంది. "దకి ఒత్తేది? ఇన్నాళ్ళుగా ఇంతమంది చదువుకున్నవాళ్ళు తిరుగుతున్నారు, ఒక్కరికీ కనబడలేదా?"

డాక్టరు గారు పరుగెత్తుకెళ్ళి పెన్ను తెచ్చారు. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను అక్క ఒళ్ళో తల పెట్టేసి గట్టిగా ఏడ్చేశాను. "ఏటే పద్మా, ఏమైందే?" అని అక్క నా జుట్టు నిమురుతూనే ఉంది. ఆ పేరు మళ్ళీ అను, మళ్ళీ అను అని అడిగి అడిగి అనిపించుకున్నాను.

అక్క చేసిన కొవ్వొత్తులన్నీ డాక్టరు గారు పట్టుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. మేం ఇంట్లో ఒక్కటీ ఉంచలేదు. పూజ దగ్గర దీపం బావే పెడతాడు, అక్క కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటుంది. బడికి వెళుతోంది, వస్తోంది, బండ్ల మీద రాతలు దిద్దుతోంది. అంతా సర్దుకుందనే అనుకున్నాం.

వానాకాలం వెళ్ళేవేళ తుపాను వచ్చింది. పొద్దుగూకకుండానే చీకటి పడిపోయి, కరెంటు పోయింది. అక్క ముందు గది నిండా పరీక్ష పేపర్లు పరుచుకుని దిద్దుతోంది. బావ అలవాటు కొద్దీ పక్కింటి నుంచి ఒక కొవ్వొత్తి తెచ్చి, వెలిగించి, బల్ల మీద పెట్టేశాడు. పెట్టాక గుర్తొచ్చి నా వైపు చూశాడు.

అక్క ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి లాక్కుంది. "ఏటిది? మంట అలా పుల్ల మీద నిలబడిందేటి!"

"ఏం భయం లేదక్కా," అన్నాను.

మెల్లగా దగ్గరికొచ్చింది. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది. అద్దం వెనక నుంచి నేను చూసిన మొహమే, అదే చిన్నపిల్ల. "పొగ రావట్లేదు. ఆరట్లేదు. కింద ఉన్నదాన్ని మెల్లగా తాగుతోంది చూడు," అంది. "ఎవరు చేశారే దీన్ని?"

"నువ్వే అక్కా."

"ఛ, ఊరుకో. నాకంత తెలివెక్కడిది?" నవ్వేసి, పేపర్ల మీదికి వంగింది. ఎవరో పిల్లాడు "అమ" అని రాశాడు. దాని కింద ఎర్ర కలంతో మ పెట్టింది. ఇంకో పేపరు తీసింది. దాంట్లో ఒకచోట సున్న చుట్టింది. తరవాత తల ఎత్తి, ఎదురుగా ఉన్న వెలుగు చూసి మళ్ళీ ఉలిక్కిపడింది.

"ఏటిది? ఎవరు చేశారే దీన్ని?"

ఈసారి బావ చెప్పాడు.

"ఎవరో పంతులమ్మ చేసిందటే. శానా తెలివైన మనిషంట."

"అవునా?" అంది అక్క. మంట వంకే చూస్తోంది. "ఎక్కడుంటాదో కనుక్కోండి. ఓసారి వెళ్ళి ఆవిడ్ని చూసొద్దాం."